బౌల్డర్ దావా ఇన్నేళ్ళుగా ఎందుకు నలుగుతోంది: స్టేట్ కోర్టు, ఫెడరల్ కోర్టు పేచీ

మిగతావాళ్ళకూ అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. వాతావరణ మార్పు వల్ల తమకు కలిగిన నష్టానికి పరిహారం కోరుతూ బౌల్డర్ నగరం, బౌల్డర్ కౌంటీ 2018లో సన్‌కోర్, ఎక్సాన్‌మొబిల్ అనే చమురు కంపెనీల మీద కొలరాడో స్టేట్ కోర్టులో దావా వేశాయి. ఇన్నేళ్ళయినా సాక్ష్యాల దాకా ఎందుకు రాలేదు? గాలికి సరిహద్దులు లేవు కదా, వాతావరణ మార్పు మీద కొలరాడో జడ్జికి అధికారం ఎక్కడిది? 2011లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులు కుదరవని చెప్పలేదా? ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ) తన అధికారాన్ని తానే వదులుకుంటే రాష్ట్రాలకు అడ్డు తొలగిపోతుందా?

సూటిగా చెప్పాలంటే, స్టేట్ కోర్టులో దావా వేయవచ్చు, అక్కడే నడుపుకోవచ్చు. దీని మీద కనీసం ఎనిమిది ఫెడరల్ అప్పీలు కోర్టులు ఒకే మాట చెప్పాయి. అయితే అక్కడ నడిచే దావాలో స్టేట్ చట్టం కింద పరిహారం ఇప్పించవచ్చా అన్నది వేరే ప్రశ్న. అక్కడ మాత్రం కోర్టులు రెండుగా చీలాయి. 2011 తీర్పు కొట్టేసింది ఫెడరల్ కామన్ లా (కాంగ్రెస్ కాకుండా జడ్జీలే తీర్పులతో తయారుచేసిన చట్టం) కింద వేసిన దావాను. స్టేట్ చట్టం సంగతి ఆ తీర్పు తేల్చకుండా వదిలేసింది. ఇక ఈపీఏ వెనక్కి తగ్గితే రాష్ట్రాలకు కొంత బలం వస్తుంది, కానీ తలుపు బార్లా తెరుచుకోదు.

ఇందులో ముందు విడదీసి చూడాల్సినవి రెండు: ఏ కోర్టు వింటుంది, ఏ చట్టం వర్తిస్తుంది. వార్తల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోతాయి. ఇండియాలో పెరిగినవాళ్ళకు ఈ తేడా పట్టుబడటం ఇంకాస్త కష్టం. విజయవాడ సివిల్ కోర్టు అయినా తెలంగాణ హైకోర్టు అయినా కేంద్ర చట్టాన్నీ రాష్ట్ర చట్టాన్నీ అదే జడ్జి అదే బల్ల మీద పెట్టుకుని వింటారు. రెండూ ఢీకొంటే రాజ్యాంగంలోని 254వ అధికరణం చూస్తారు. అమెరికాలో స్టేట్ కోర్టులు, ఫెడరల్ కోర్టులు రెండు వేర్వేరు వరసలు. స్టేట్ కోర్టులో మొదలైన దావాను ప్రతివాది ఫెడరల్ కోర్టుకు లాక్కుపోవచ్చు. దీన్నే రిమూవల్ అంటారు. అది సరికాదనిపిస్తే ఫెడరల్ జడ్జి తిప్పి పంపేస్తారు. దాని పేరు రిమాండ్. బౌల్డర్ దావాకు మొదటి ఐదేళ్ళు ఈ రాకపోకల్లోనే గడిచిపోయాయి.

ఆ వరస ఇది. 2018 ఏప్రిల్‌లో దావా. జూన్‌లో కంపెనీలు ఫెడరల్ కోర్టుకు లాక్కెళ్ళాయి. 2019 సెప్టెంబరులో జిల్లా జడ్జి వెనక్కి పంపమన్నారు. 2020 జూలైలో టెన్త్ సర్క్యూట్ (కొలరాడో ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టు) సరే అంది. 2021 మేలో యూఎస్ సుప్రీంకోర్టు బాల్టిమోర్ నగరం వేసిన ఇలాంటి కేసులో తీర్పిచ్చి, బౌల్డర్ కేసును కూడా మళ్ళీ చూడమంది. 2022 ఫిబ్రవరిలో టెన్త్ సర్క్యూట్ మళ్ళీ చూసి మళ్ళీ అదే మాట చెప్పింది. 2023 ఏప్రిల్‌లో కంపెనీల పిటిషన్‌ను సుప్రీంకోర్టు స్వీకరించలేదు. అప్పుడు గానీ కేసు బౌల్డర్‌కు తిరిగి రాలేదు. 2024 జూన్‌లో అక్కడి జడ్జి కొట్టివేత పిటిషన్‌ను ప్రధానంగా తోసిపుచ్చారు. 2025 మేలో కొలరాడో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కంపెనీలు మరోసారి యూఎస్ సుప్రీంకోర్టు గడప ఎక్కాయి. ఈ ఏడేళ్ళలో కంపెనీలు తప్పు చేశాయా లేదా అన్న ప్రశ్నను ఒక్క కోర్టూ ముట్టుకోలేదు.

రిమూవల్ నడిచే తీరు తెలిస్తే ఈ జాప్యం వింతగా అనిపించదు. నోటీసు అందిన 30 రోజుల్లోగా ప్రతివాది రిమూవల్ కాగితం దాఖలు చేయాలి. అందులో విధానపరమైన లోపం ఉంటే, అది దాఖలైన 30 రోజుల్లో వాది అభ్యంతరం చెప్పాలి, లేకపోతే ఆ అభ్యంతరం పోయినట్టే. అసలు విచారణ పరిధే లేదన్న అభ్యంతరాన్ని మాత్రం ఎప్పుడైనా లేవనెత్తవచ్చు. మామూలుగా రిమాండ్ ఉత్తర్వు మీద అప్పీలు ఉండదు. దానికి ముఖ్యమైన మినహాయింపులు రెండు. ఒకటి పౌర హక్కుల కేసులు. రెండోది ఫెడరల్ అధికారి తరఫున పనిచేశామన్న వాదన ఉన్న కేసులు.

కీలకం ఆ రెండో మినహాయింపులోనే ఉంది. వాతావరణ కేసుల్లో కంపెనీలు వేసే రిమూవల్ నోటీసు తిరగేసి చూడండి. సముద్రగర్భంలో చమురు తవ్వకానికి ప్రభుత్వం నుంచి లీజులు తీసుకున్నాం కాబట్టి ఫెడరల్ అధికారి కింద పనిచేసినట్టే అనే వాదన ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. నెగ్గుతుందన్న ఆశతో మాత్రమే పెట్టింది కాదది. ఆ ఒక్క వాదన ఉంటే చాలు, రిమాండ్ మీద అప్పీలుకు వెళ్ళే హక్కు వస్తుంది. 2021 బాల్టిమోర్ తీర్పులో సుప్రీంకోర్టు 7–1తో ఇంకో అడుగు వేసింది: అప్పీలు కోర్టు ఆ ఒక్క వాదననే కాదు, రిమాండ్ ఉత్తర్వులో ఉన్న అన్ని కారణాలనూ పరిశీలించాలని చెప్పింది. దాంతో పాత కేసులన్నీ అప్పీలు కోర్టుల్లో మళ్ళీ మొదటికొచ్చాయి. ఫలితం ఎక్కడా మారలేదు గానీ కాలం మాత్రం కరిగిపోయింది.

కంపెనీల మిగతా రిమూవల్ వాదనలు ఎందుకు నిలవలేదు? దావాలో ఫెడరల్ చట్టపు ప్రశ్న ఉంటే ఫెడరల్ కోర్టు వినవచ్చు. అది ఉందా లేదా అన్నది వాది కంప్లయింట్ (దావా పత్రం) చూసి తేలుస్తారు, ప్రతివాది ఏం జవాబు చెబుతాడో చూసి కాదు. "ఫెడరల్ చట్టం మీ స్టేట్ దావాను అడ్డుకుంటుంది" అనేది ప్రతివాది జవాబు. ఆ జవాబు సరైనదే కావచ్చు, కానీ చెప్పుకోవాల్సింది స్టేట్ జడ్జి ముందు. ఇక రెండు పక్షాలు వేర్వేరు రాష్ట్రాలవైతే ఫెడరల్ కోర్టు వినవచ్చన్న డైవర్సిటీ దారి. వాది రాష్ట్రమే అయితే ఆ దారి అసలు లేదు, ఎందుకంటే రాష్ట్రం ఏ రాష్ట్రానికీ 'పౌరుడు' కాదు. నగరం, కౌంటీ అయితే పౌరుల కిందే లెక్క. అందుకే బౌల్డర్ లాంటి వాదులకు స్థానిక కంపెనీ ఒకటి ప్రతివాదుల జాబితాలో ఉండటం ముఖ్యం. సన్‌కోర్ అమెరికా విభాగం కొలరాడోలోనే ఉంది, కామర్స్ సిటీలో వాళ్ళ రిఫైనరీ నడుస్తోంది. ఆ పేరు ఉండటంతోనే డైవర్సిటీ తలుపు మూసుకుపోయింది.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఏ చట్టం? అసలు గొడవంతా ఇక్కడే.

రాష్ట్రాల మధ్య కాలుష్యం తగవులు అమెరికాలో కొత్త కాదు. 1907లోనే టెన్నెసీ రాగి కర్మాగారాల పొగ తమ అడవుల్ని పాడుచేస్తోందని జార్జియా సుప్రీంకోర్టుకెక్కి గెలిచింది. ఒక రాష్ట్రం చట్టాన్ని పక్క రాష్ట్రం మీద రుద్దడం బాగుండదు కాబట్టి, ఇలాంటి తగవులకు జడ్జీలు తయారుచేసిన ఫెడరల్ కామన్ లా వర్తిస్తుందని 1972లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తర్వాత కాంగ్రెస్ చట్టాలు వచ్చాయి. ఒక విషయం మీద కాంగ్రెస్ నేరుగా మాట్లాడితే జడ్జీల ఫెడరల్ చట్టం తప్పుకోవాలి. దీన్ని డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు.

మీరు విన్న 2011 తీర్పు ఇదే. కొన్ని రాష్ట్రాలు, న్యూయార్క్ నగరం కలిసి ఐదు పెద్ద విద్యుత్ సంస్థల మీద వేసిన కేసు అది. ఉద్గారాలు తగ్గించమని ఆదేశించండి అని అడిగారు. గ్రీన్‌హౌస్ వాయువులు క్లీన్ ఎయిర్ చట్టం (గాలి కాలుష్యం మీద కాంగ్రెస్ చేసిన చట్టం) కిందకు వస్తాయని 2007లో మసాచుసెట్స్ కేసులో చెప్పాం, వాటిని నియంత్రించే పని కాంగ్రెస్ ఈపీఏకి అప్పగించింది, కాబట్టి ఫెడరల్ కామన్ లాకి ఇక్కడ చోటు లేదు అని కోర్టు 8–0తో చెప్పింది. స్టేట్ చట్టం కింద వేసిన వాదనల గురించి వాదనలు జరగలేదు కాబట్టి దాన్ని కింది కోర్టుకే వదిలేసింది. 2012లో అలాస్కాలోని కివలీనా అనే చిన్న ఊరు, సముద్రం ఊరిని కోసేస్తోంది, తరలింపు ఖర్చు ఇప్పించండి అని వేసిన కేసులో నైన్త్ సర్క్యూట్ డబ్బు అడిగినా అదే సూత్రం అంది. అప్పట్నుంచి ఫెడరల్ కామన్ లా దారి మూసుకుపోయింది. 2017 నుంచి ఎక్కువ నగరాలు స్టేట్ చట్టం వైపు, స్టేట్ కోర్టుల వైపు మళ్ళడానికి కారణం ఇదే.

డిస్‌ప్లేస్‌మెంట్ వేరు, ప్రీఎంప్షన్ (ఫెడరల్ చట్టం స్టేట్ చట్టాన్ని అడ్డుకోవడం) వేరు. ఈ ఒక్క తేడా మీదే ఇన్ని కోట్ల డాలర్ల కేసులు వేలాడుతున్నాయి. జడ్జీల ఫెడరల్ చట్టాన్ని పక్కన పెట్టడానికి కాంగ్రెస్ ఆ విషయం మీద చట్టం చేస్తే చాలు. స్టేట్ చట్టాన్ని పక్కన పెట్టాలంటే అంత సులువు కాదు. కాంగ్రెస్ ఉద్దేశం స్పష్టంగా ఉండాలి, లేదా రెండు చట్టాలనూ ఒకేసారి పాటించడం అసాధ్యమై ఉండాలి, లేదా కాంగ్రెస్ లక్ష్యానికే స్టేట్ చట్టం అడ్డుపడాలి. క్లీన్ ఎయిర్ చట్టంలోనే రాష్ట్రాలు ఇంకా కఠినమైన ప్రమాణాలు పెట్టుకోవచ్చని 116వ సెక్షన్ ఉంది. కాబట్టి ఒకటి పోయింది గనుక రెండోదీ పోయినట్టే అనే తర్కం చెల్లదు.

కంపెనీల వాదన ఇంకో వైపు నుంచి వస్తుంది, అది తీసిపారేయదగ్గది కాదు. రాష్ట్రాల మధ్య కాలుష్యం స్వభావరీత్యానే ఫెడరల్ విషయం. అక్కడ స్టేట్ చట్టానికి మొదట్నుంచీ స్థానం లేదు. ఫెడరల్ కామన్ లా తప్పుకున్నంత మాత్రాన ఆ ఖాళీలోకి స్టేట్ చట్టం దానంతటదే వచ్చి కూర్చోదు. 2021 ఏప్రిల్‌లో సెకండ్ సర్క్యూట్ న్యూయార్క్ నగరం చమురు కంపెనీల మీద వేసిన కేసులో సరిగ్గా ఇదే చెప్పి కొట్టేసింది. కొలరాడో సుప్రీంకోర్టు 5–2తో దీనికి ఎదురు చెప్పింది: లేని ఫెడరల్ కామన్ లా స్టేట్ చట్టాన్ని అడ్డుకోలేదు, అడ్డుకుంటే క్లీన్ ఎయిర్ చట్టమే అడ్డుకోవాలి, అందులో అలాంటి అడ్డు కనిపించడం లేదు అని. 2023 అక్టోబరులో హవాయి సుప్రీంకోర్టు హోనొలులు నగరం వేసిన ఇలాంటి కేసులో ఇదే దారి పట్టింది. ఆ తీర్పు మీద వేసిన పిటిషన్‌ను 2025 జనవరిలో యూఎస్ సుప్రీంకోర్టు స్వీకరించలేదు.

న్యూయార్క్ నగరం ఎందుకు మిగతావాటికి భిన్నంగా ఓడిపోయిందో చాలామందికి తెలియదు. ఆ నగరం తానే నేరుగా ఫెడరల్ కోర్టులో దావా వేసుకుంది. కాబట్టి రిమూవల్ ప్రశ్నే రాలేదు, "మీ స్టేట్ చట్టం ఇక్కడ చెల్లదు" అన్న కంపెనీల జవాబు నేరుగా పరిశీలనకు వచ్చింది. అదే సెకండ్ సర్క్యూట్ 2023లో కనెటికట్ రాష్ట్రం ఎక్సాన్ మీద వేసిన కేసును స్టేట్ కోర్టుకు తిప్పి పంపింది. కనెటికట్ దావా మొత్తం తమ వినియోగదారుల రక్షణ చట్టం కిందే ఉంది, ఒక్క న్యూసెన్స్ (నలుగురికీ హాని కలిగించారన్న) ఆరోపణ కూడా లేదు. దావా ఎక్కడ వేశారు, అందులో ఏం రాశారు అన్నది ఇంత తేడా తెచ్చింది.

1987 నాటి ఒక తీర్పు కూడా ఈ కేసులన్నిటి నెత్తిన కత్తిలా ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని పేపర్ మిల్లు ఒకటి షాంప్లేన్ సరస్సులోకి మురుగు వదిలితే, అవతలి ఒడ్డున వెర్మాంట్‌లో ఉన్న ఇళ్ళవాళ్ళు వెర్మాంట్ చట్టం కింద దావా వేశారు. సుప్రీంకోర్టు చెప్పింది: కాలుష్యం ఎక్కడ పుట్టిందో ఆ రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది, నష్టపోయిన రాష్ట్రం చట్టం వర్తించదు. నీటికి చెప్పిన ఈ సూత్రాన్ని గాలికి అన్వయిస్తే, ప్రపంచమంతటా పుట్టిన కార్బన్‌కు కొలరాడో చట్టం వర్తించదు. డెలవేర్ రాష్ట్రం వేసిన ఇలాంటి కేసులో అక్కడి జడ్జి 2024 జనవరిలో ఈ లెక్కే తీశారు: రాష్ట్రం బయటి ఉద్గారాల నష్టం అడగకూడదు, లోపలివి అడగవచ్చు.

లోపలివి అడగవచ్చు అంటే సగం గెలిచినట్టు అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక నగరం నష్టం 10 కోట్ల డాలర్లు అనుకుందాం. ప్రపంచ ఉద్గారాల్లో ఆ రాష్ట్రం లోపలి వాటా అర శాతం అనుకుంటే, ఆ దామాషాలో మిగిలేది 5 లక్షల డాలర్లు. అందులో ఒక్కో కంపెనీ వాటా విడగొడితే నిపుణుల ఫీజులకు కూడా చాలదు. అందుకే ఈ కేసుల్లో వాదులు ఉద్గారాల మాట ఎత్తకుండా జాగ్రత్తపడతారు.

బౌల్డర్ కంప్లయింటే తీసి చూడండి. ఏ ఉద్గారాన్నీ ఆపమని అడగడం లేదు, కొలరాడోలో గానీ బయట గానీ ఉద్గారాలను నియంత్రించమని కోరడం లేదు అని అందులో విడిగా రాసుకున్నారు. పక్కనే ఫెడరల్ భూముల మీద జరిగిన నష్టానికి పరిహారం అడగడం లేదు అని ఇంకో వాక్యం. అది ఎందుకంటే, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో కొంత భాగం బౌల్డర్ కౌంటీలోనే ఉంది. ఆ పార్కు అడవులకు కలిగిన నష్టాన్ని లెక్కలో కలిపితే, ఫెడరల్ ఎన్‌క్లేవ్‌లో (ఫెడరల్ ప్రభుత్వ అధీనంలోని భూభాగంలో) జరిగిన విషయం కాబట్టి ఫెడరల్ కోర్టే వినాలి అని కంపెనీలకు గట్టి ఆధారం దొరికేది. ఆ ఒక్క వాక్యం లేకపోతే కేసు దిశే మారిపోయేది.

అయితే ఇలాంటి వాక్యాలకు ఖరీదు ఉంటుంది. ఉద్గారాల గురించి కాదు, మోసం గురించి, తప్పుడు ప్రచారంతో అమ్మిన సరుకు గురించి అంటారు. మరి నష్టం ఎలా వచ్చింది? ప్రచారం వల్ల అమ్మకం పెరిగింది, అమ్మకం వల్ల మండించడం పెరిగింది, మండించినందువల్ల వేడి పెరిగింది, వేడి వల్ల కార్చిచ్చు, కరువు. ముందు గుమ్మంలోంచి పంపేసిన ఉద్గారం పెరటి గుమ్మంలోంచి మళ్ళీ లోపలికొచ్చేసింది. సెకండ్ సర్క్యూట్ పట్టుకున్నది ఈ ముడినే. 2024 జూలైలో బాల్టిమోర్ కేసును, 2025 ఫిబ్రవరిలో న్యూజెర్సీ కేసును కొట్టేసిన స్టేట్ జడ్జీలూ అదే దారిలో ఆలోచించారు. స్టేట్ కోర్టుకు చేరితే గెలిచినట్టే అని ఎవరైనా అంటే ఈ రెండు కేసులూ చూపించండి.

నా అంచనా అడిగితే, ఇప్పటి పరిస్థితుల్లో ఎక్కువ కాలం నిలబడేది పూర్తిగా వినియోగదారుల మోసం మీద కట్టిన దావా: పరిహారం కోరకుండా జరిమానా, ప్రకటనల నిలిపివేత మాత్రమే అడిగేది. న్యూసెన్స్ దావాలో డబ్బు ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. మోసం దావాలకూ వాటి గోతులు వాటికి ఉన్నాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ పెట్టుబడిదారులను తప్పుదారి పట్టించారంటూ ఎక్సాన్ మీద వేసిన కేసు స్టేట్ కోర్టులోనే పూర్తి ట్రయల్ దాకా వెళ్ళి 2019 డిసెంబరులో ఓడిపోయింది, రుజువు లేదని. న్యూయార్క్ నగరం 2021లో వినియోగదారుల చట్టం కింద వేసిన రెండో దావాను 2025 జనవరిలో కొట్టేశారు. వాతావరణ మార్పు సంగతి అందరికీ తెలిసిందే, దాని గురించి పట్టించుకునే కొనుగోలుదారుడు మోసపోయాడని ఎలా అంటారన్నది అక్కడ ఎదురైన చిక్కు. ఈ రెండూ ఓడిపోయింది ఫెడరల్ అడ్డు వల్ల కాదు.

వాదుల వైపు తరచుగా జరిగే పొరపాటు ఇంకోటుంది. దావా మొదట్లో జాగ్రత్తగా రాస్తారు, తర్వాత నిపుణుల నివేదికలోనో, ప్రశ్నావళి జవాబుల్లోనో, సవరించిన కంప్లయింట్‌లోనో చెయ్యి జారుతుంది. "దేశవ్యాప్త ఉద్గారాల తగ్గింపు" లాంటి ఒక్క వాక్యం పడితే చాలు. ఫెడరల్ అంశం కొత్తగా ఏ కాగితంలో బయటపడినా రిమూవల్‌కు మళ్ళీ 30 రోజుల గడువు మొదలవుతుందని చట్టంలో ఉంది. ఏడాది గడిచాక కూడా కేసు మళ్ళీ ఫెడరల్ కోర్టుకు పోవచ్చు. మేయర్ ప్రెస్ మీట్ మాటలు కంప్లయింట్‌లో భాగం కావు గానీ, వాటిని జడ్జి ముందు చదివి వినిపించడంలో ఎదుటి లాయర్లు ఏమాత్రం మొహమాటపడరు.

మీ చివరి ప్రశ్న, ఈపీఏ సంగతి. గ్రీన్‌హౌస్ వాయువులు ప్రజారోగ్యానికి ముప్పు అని 2009లో ఈపీఏ నిర్ధారించింది. వాహనాల ఉద్గారాల మీద ఆ తర్వాత తెచ్చిన నిబంధనలకు అదే పునాది. 2025 జూలైలో ఈపీఏ ఆ నిర్ధారణను వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించి, 2026 ఫిబ్రవరిలో దాన్ని ఖరారు చేసింది. వాహనాల ఉద్గారాలపై క్లీన్ ఎయిర్ చట్టం తమకు అలాంటి అధికారం ఇవ్వలేదన్నది వాళ్ళ ప్రధాన వాదన. 2011 తీర్పు ప్రకారం ఈపీఏ నిబంధనలు చేసిందా లేదా అన్నది ముఖ్యం కాదు, కాంగ్రెస్ అధికారం అప్పగించిందా అన్నదే ముఖ్యం. ఈపీఏ చేతులు ముడుచుకుని కూర్చున్నా ఫెడరల్ కామన్ లా తిరిగి రాదు. కానీ అసలు అధికారమే లేదని తేలితే? అప్పుడు 2011 తీర్పు నిలబడ్డ నేలే కదులుతుంది. కంపెనీల పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. స్టేట్ కోర్టులో "క్లీన్ ఎయిర్ చట్టం ఈ రంగమంతా ఆక్రమించింది" అనాలి, వాషింగ్టన్‌లో "ఆ చట్టంలో ఈ విషయమే లేదు" అన్న ప్రభుత్వాన్ని సమర్థించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ నిర్ణయం క్లీన్ ఎయిర్ చట్టంలో వాహనాలకు సంబంధించిన 202వ సెక్షన్ చుట్టూ తిరుగుతుంది, విద్యుత్ కేంద్రాలది 111వ సెక్షన్. ఒకటి కదిలితే రెండోది దానంతటదే కూలదు. పైగా వాహనాల ప్రమాణాల విషయంలో రాష్ట్రాలను అడ్డుకునే మాట చట్టంలోనే 209వ సెక్షన్‌లో సూటిగా రాసి ఉంది. ఒక్క కాలిఫోర్నియాకే వెసులుబాటు, అది కూడా ఈపీఏ అనుమతితో. 2025 మేలో కాంగ్రెస్ ఆ అనుమతుల్లో మూడింటిని రద్దు చేస్తూ తీర్మానాలు చేసింది, జూన్‌లో అధ్యక్షుడు వాటిపై సంతకం చేశారు. దావాల విషయంలో ఊహించుకోవాల్సి వస్తున్న అడ్డు వాహనాల విషయంలో అక్షరాలా ఉందన్నమాట. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి రాసే వ్యాసాలను నమ్మకండి.

కోర్టుల్లో ఇంత ఆలస్యం అవుతోందని కొన్ని రాష్ట్రాలు చట్టసభ దారి పట్టాయి. వెర్మాంట్ 2024 మేలో, న్యూయార్క్ అదే ఏడాది డిసెంబరులో వాతావరణ సూపర్‌ఫండ్ చట్టాలు తెచ్చాయి. 100 కోట్ల టన్నులకు పైగా ఉద్గారాలకు కారణమైన ఇంధన కంపెనీల నుంచి వాటా ప్రకారం సొమ్ము వసూలు చేసి వరద కాలువలు, రోడ్ల వంటి పనులకు వాడటం వీటి ఉద్దేశం. న్యూయార్క్ లక్ష్యం 25 ఏళ్ళలో 7,500 కోట్ల డాలర్లు. వెర్మాంట్ 1995 నుంచి 2024 వరకు ఉద్గారాలను లెక్కలోకి తీసుకుంది. కోర్టులో ఒక్కో కంపెనీ తప్పు రుజువు చేయాల్సిన పని ఇక్కడ లేదు, అది లాభం. కానీ మోసం అనే ముసుగు కూడా లేదు: బిల్లు నేరుగా ఉద్గారాల టన్నుల మీదే వేస్తున్నారు, అందులో చాలా భాగం రాష్ట్రం బయటివి. 1987 పేపర్ మిల్లు తీర్పుకు ఇవి నేరుగా ఎదురెళ్తాయి. నా లెక్కలో మోసం దావాల కన్నా ఈ చట్టాలే ముందు దెబ్బ తినే అవకాశం ఉంది.

ఫెడరల్ ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. 2025 ఏప్రిల్ 8న అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చాక, ఏప్రిల్ 30న న్యాయశాఖ హవాయి, మిషిగన్ రాష్ట్రాల మీద దావాలు వేసింది. వాళ్ళు ఇంకా వేయని దావాలను ఆపడం కోసం! హవాయి మర్నాడే తన దావా వేసేసింది. అదే మే 1న న్యూయార్క్, వెర్మాంట్ సూపర్‌ఫండ్ చట్టాల మీద కూడా న్యాయశాఖ కోర్టుకెళ్ళింది. అంతకుముందు 19 రాష్ట్రాలు కాలిఫోర్నియా తదితర రాష్ట్రాల దావాలను ఆపమని నేరుగా యూఎస్ సుప్రీంకోర్టును అడిగితే, 2025 మార్చిలో కోర్టు తిరస్కరించింది. ఇద్దరు జడ్జీలు విభేదించారు.

యువకుల కేసులు వీటితో కలపకండి. మొంటానాలో 16 మంది పిల్లలు, యువకులు గెలిచింది తమ రాష్ట్ర రాజ్యాంగంలోని ఆరోగ్యకరమైన పర్యావరణం హక్కు మీద, తమ రాష్ట్ర ప్రభుత్వం మీదే. 2024 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు 6–1తో సమర్థించింది. ప్రతివాది సొంత రాష్ట్రం, చట్టం సొంత రాజ్యాంగం, ఫెడరల్ అడ్డుకు తావే లేదు. ఒరెగాన్‌లో 21 మంది ఫెడరల్ ప్రభుత్వం మీద 2015లో వేసిన కేసు మాత్రం విచారణార్హత దగ్గరే ఆగి, 2025 మార్చిలో ముగిసిపోయింది.

ఇక బౌల్డర్ డాకెట్‌లో (కేసు దస్త్రంలో) ఏం చూడాలంటారా. మొదటిది, ట్రయల్ కాకముందే వచ్చిన స్టేట్ తీర్పును యూఎస్ సుప్రీంకోర్టు వినవచ్చా అన్న అభ్యంతరం. తుది తీర్పులనే వినాలన్నది మామూలు నియమం, మినహాయింపులు ఉన్నాయి గానీ ఇరుకైనవి. కోర్టు ఇక్కడే ఆగిపోతే అసలు ప్రశ్న ఇంకొన్నేళ్ళు తేలదు. రెండోది, సుప్రీంకోర్టులో ఫెడరల్ ప్రభుత్వం తరఫున వాదించే సొలిసిటర్ జనరల్ వైఖరి. 2023లో ఇదే కేసులో, 2024 చివర్లో హోనొలులులో వినొద్దన్న కార్యాలయం, ప్రభుత్వం మారాక 2025 సెప్టెంబరులో బౌల్డర్ కేసు వినమంది. మూడోది, అడ్డు ఉందని చెప్పేటప్పుడు కోర్టు దేన్ని పట్టుకుంటుందన్నది. క్లీన్ ఎయిర్ చట్టాన్ని పట్టుకుంటే, ఈపీఏ నిర్ణయం ఆ తీర్పును ముందుముందు బలహీనం చేయవచ్చు. రాజ్యాంగ నిర్మాణాన్నే పట్టుకుంటే, కాంగ్రెస్ కొత్త చట్టం చేసి అనుమతిస్తే తప్ప రాష్ట్రాలకు న్యూసెన్స్ దారి దాదాపు మూసుకుపోతుంది. సూపర్‌ఫండ్ చట్టాలూ దానితో పాటే పోతాయి.